ఒర్రె దాటే తొవ్వ: పైపులు లేకుండా రాతి పరుపుతో ఎలా వేయాలి

“మా బీడు ఒర్రెకు అవతల ఉంది. ఎండాకాలం ఇబ్బంది లేదు. వానలు మొదలైతే బర్లు మోకాళ్ల దాకా దిగబడుతున్నయి, ట్రాక్టర్ అవతలికి పోతలేదు. ఎన్ని పైపులు వేయాలె?”

దేవరకొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా నన్ను అడిగేవాళ్ల ప్రశ్న ఇంచుమించు ఇదే. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను. నా జవాబు: పైపులు వేయకండి. మన వైపు ఒర్రె (చిన్న వాగు) ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉంటుంది, గట్టి వాన పడ్డ రోజు రెండు మూడు గంటలు మీదబడి ఉరుకుతుంది. ఆ రెండు మూడు గంటల నీళ్లను పైపులో పట్టించడం చాలా ఖర్చు.

చిన్న లెక్క చూడండి. మీ ఒర్రెకు పైన 100 ఎకరాల నీళ్లు దిగుతాయనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల జోరుతో వాన పడి, అందులో నూటికి 40 వంతులు పారితే ఒర్రెలో సెకనుకు దాదాపు 2,200 లీటర్లు వస్తాయి. రెండడుగుల పైపు నిండుగా పారితే సెకనుకు 400 లీటర్లు పైచిలుకు మోస్తుంది. అంటే అలాంటివి ఐదారు కావాలి. అడుగు పైపైతే 100 లీటర్లే. నేను మొదటిసారి అడుగు పైపులు మూడు వేసి, పైన మొరం కట్ట పోయించాను. మొదటి పెద్ద వానకే పైన చేలల్లో పీకి ఒడ్డున పడేసిన పత్తి కట్టె కొట్టుకొచ్చి పైపుల నోళ్లకు అడ్డం పడింది. నీళ్లు కట్టను ఎక్కలేక పక్క నుంచి తొవ్వ చేసుకున్నాయి. మా పాలివాళ్ల చేను గట్టు తెగి, నాలుగు సాళ్ల మిరప మట్టితో సహా పోయింది. ఆ నష్టం నేనే కట్టుకున్నాను. ఆ మరుసటి ఎండాకాలం పైపులు తీయించి రాతి పరుపు వేయించాను.

రాతి పరుపు అంటే ఒర్రె అడుగును ఒక అడుగు లోతు తవ్వి, అంత మందమే రాళ్లు పేర్చి, పై మట్టాన్ని మళ్లీ పాత అడుగు మట్టానికే తేవడం. నీళ్లు దాని మీదుగా ఎప్పటిలాగే పోతాయి. కట్ట ఉండదు కాబట్టి తెగేదేమీ ఉండదు. నీళ్లు ఉరికే ఆ కొద్ది గంటలు మీరు ఆగాలి, అంతే.

ఇది ఎవరికి పనికిరాదు

డిండి, మూసీ, హాలియా వాగు లాంటి వాటికి ఇది చాలదు. నెలల తరబడి మోకాలి లోతు నీళ్లు పారే చోట, బడి పిల్లలు రోజూ నడిచే తొవ్వలో ఇంజనీరు డిజైన్ చేసిన వంతెనే కావాలి. ఇక్కడ చెప్పేది పది పదిహేను గజాల వెడల్పు లోపు ఉండే, పొలాల మధ్య ఒర్రెలకు.

ముందు అడగాల్సినవాళ్లు

ఒర్రె మీ పట్టా భూమి మధ్యలో నుంచి పోయినా గ్రామ నక్షాలో అది ఒర్రెగానే గీసి ఉంటుంది. తహసీల్దార్ ఆఫీసులో నక్షా చూసుకుని, పంచాయతీకి, ఇరిగేషన్ ఏఈకి కాగితం రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. మన దగ్గర చాలా ఒర్రెలు కింద ఏదో ఒక చెరువును నింపుతాయి. ఆ ఆయకట్టు రైతులకు పని మొదలు కాకముందే స్వయంగా వెళ్లి చెప్పండి. “నీళ్లు ఆపుతలేను, అడుగు మట్టం మారదు” అని చోటు చూపించి చెబితే తర్వాత పంచాయితీ ఉండదు. ఒర్రెలో ఇసుక, రాళ్లు తోడి అదే పనికి వాడుకోవచ్చని కొందరు అనుకుంటారు. వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల చట్టం) సంగతి అలా ఉంచినా, అడుగు తోడితే మీ పరుపు కిందే గుంత పడుతుంది. రాయి బయటి నుంచే తెచ్చుకోండి.

ఎప్పుడు చేయాలి

ఈ వానకాలం చూసుకుని, వచ్చే ఎండాకాలం చేయండి. ఒర్రె పారుతున్నప్పుడు ఒడ్డున సురక్షితమైన చోట నిలబడి రెండు సంగతులు రాసుకోవాలి. ఒకటి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి. వాన తగ్గాక సర్కారు తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న గడ్డి, చెత్త ఆ ఎత్తు చెబుతుంది. ఒక చెట్టుకు పెయింటుతో గీత పెట్టండి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి వాళ్లకు గుర్తున్న పెద్ద వరద మట్టం కూడా తెలుసుకోండి. 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడ వైపు ఒర్రెలు ఎలా పొంగాయో చూసినవాళ్లకు ఇది ఎందుకో చెప్పక్కర్లేదు. రెండోది వేగం. ఒడ్డు వెంట 30 అడుగులు కొలిచి రెండు కట్టెలు పాతి, పైకట్టె దగ్గర ఎండు కొబ్బరి చిప్ప వేయండి. 6 సెకన్లలోపే కిందికట్టె దాటితే ఆ నీళ్ల ముందు పిడికిలంత రాళ్లు నిలవవు, పెద్ద సైజు రాళ్లు తప్పవు.

పని ఉగాది దాటాక మొదలుపెట్టి రోహిణి కార్తె రాకముందే ముగించండి. మృగశిర దాకా లాగితే తవ్విన గుంతలో నీళ్లు నిలిచి మొత్తం బురదవుతుంది.

కావాల్సినవి

ఉదాహరణకు అడుగుభాగం 20 అడుగుల వెడల్పు, ఒడ్లు 3 అడుగుల ఎత్తు ఉన్న ఒర్రె అనుకుందాం. తొవ్వ వెడల్పు 14 అడుగులు.

- 6 నుంచి 9 అంగుళాల క్వారీ రాళ్లు, వాటి సందుల్లోకి 40 ఎంఎం కంకర, పైన పోయడానికి క్రషర్ డస్ట్ కలిసిన మొరం. ఇవి, కింద చెప్పిన గుండ్లు కలిపి సుమారు 870 ఘనపుటడుగులు
- కింది అంచుకు (నీళ్లు దిగిపోయే వైపు) పెద్ద గుండ్లు లేదా పొలం చుట్టూ పాతే రాతి కడీలు
- జేసీబీ ఒక రోజు, రాతి పని తెలిసిన వడ్డెర మేస్త్రి, నలుగురు మనుషులు రెండు మూడు రోజులు
- నీళ్ల గొట్టం లెవెల్, నూలు దారం, ముగ్గుపిండి, గడ్డపార
- ఒర్రె అడుగు మెత్తగా ఉంటేనే జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి, మట్టిని ఆపే గట్టి గుడ్డ)

ఆ 870 ఎలా వచ్చిందో చూస్తే మీ ఒర్రెకు మీరే లెక్క వేసుకోవచ్చు. ఒర్రె అడుగు 20 × 14 × 1 అడుగు మందం, 280. రెండు ఒడ్ల దిగుడు (ఒర్రెలోకి దిగే వాలు) ఒక్కోటి 18 అడుగుల చొప్పున కలిపి 36 × 14 × ముప్పావు అడుగు, 378. కింది అంచు కందకం 20 × 2 × రెండున్నర, 100. మొత్తం 758. తొక్కుడుకు దిగేదానికి నూటికి 15 కలుపుకోండి. ట్రాక్టర్ ట్రాలీ ట్రిప్పుకు 100 ఘనపుటడుగులు అంటారు గానీ టేపు పెట్టి ట్రాలీ పొడవు, వెడల్పు, రాళ్లు పోసిన ఎత్తు కొలిచాకే డబ్బులివ్వండి. డ్రైవర్ ముందే కొలిస్తే ఎవరికీ మాట పడే పని ఉండదు.

ఇక పని

1. చోటు ఎంచుకోండి. ఒర్రె నేరుగా పోయే చోట, ఒడ్లు తక్కువ ఎత్తున్న చోట, అడుగు గట్టిగా ఉన్న చోట. మలుపులో వద్దు: మలుపు బయటి ఒడ్డును నీళ్లు ఏటా కోస్తాయి, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తాయి. చెరువు అలుగు కింద, చెక్‌డ్యాం కింద, రెండు ఒర్రెలు కలిసే చోట కూడా వద్దు. పశువులు ఇప్పటికే దిగే తొవ్వ ఉంటే మొదట దాన్నే చూడండి, చాలాసార్లు అవి మనకంటే ముందే మంచి జాగ కనిపెట్టి ఉంటాయి. తడి నేల మీద గడ్డపార పోటు వేయండి. ఎర్ర చల్క ప్రాంతాల్లో సాధారణంగా అడుగులోపే గట్టి మొరమో బండో ఖంగుమంటుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో గడ్డపార మెత్తగా దిగిపోతుంది. అక్కడ గుడ్డ తప్పనిసరి, మందం కూడా ఇంకో అర అడుగు పెంచాలి.

2. ముగ్గు పోయండి. తొవ్వ ఒర్రెకు అడ్డంగా, సరిగ్గా లంబకోణంలో ఉండాలి. ఏటవాలుగా దాటితే పొడవు పెరుగుతుంది, నీళ్లు అంచు వెంట ఉరికి కోస్తాయి. వెడల్పు పశువులకైతే 12 అడుగులు, ట్రాక్టర్ కూడా పోవాలంటే 14. మరీ ఇరుకైతే మంద తోసుకుంటుంది. మరీ వెడల్పైతే బర్లు నీళ్లలోనే నిలబడిపోయి పేడ వేస్తాయి.

3. ఒడ్లు కోయించండి. ఒక అడుగు దిగడానికి ఆరడుగుల పొడవు ఉండాలి. ఒడ్డు 3 అడుగులుంటే దిగుడు 18 అడుగులు. జేసీబీ డ్రైవర్‌కు “కొంచెం వాలు పెట్టు” అని వదిలేస్తే మూడడుగులకు ఒకటి కోసేస్తాడు, చూడ్డానికి బాగానే ఉంటుంది. చినుకు పడ్డాక లోడు ట్రాలీ ఎక్కదు, చూడి బర్రె జారి పడుతుంది. నీళ్ల గొట్టంతో పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు కొలిచి చూసుకోండి. తవ్విన మట్టిని ఒర్రెలోనూ, ఒడ్డు మీదా పోయొద్దు. మొదటి వానకు అది కింద చెరువులో చేరుతుంది.

4. ఒర్రె అడుగును తవ్వండి. పరుపు పడే మేర మొత్తం ఒక అడుగు లోతు. తవ్వకముందు పరుపు పడే చోటుకు పై వైపు (నీళ్లు వచ్చే వైపు) 10 అడుగుల దూరంలో, కింది వైపు 10 అడుగుల దూరంలో రెండు మేకులు కొట్టి, వాటి తలలు ఒర్రె అడుగు మట్టానికి సమానంగా పెట్టండి. చివరికి పరుపు మట్టం ఈ రెండు మేకులకు కలవాలి. ఈ మేకులు మరిచిపోయినవాళ్లే తర్వాత నాకు ఫోన్ చేస్తుంటారు.

5. కింది అంచున కందకం. పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే, కాబట్టి కొంచెం ఆగి చదవండి. నీళ్లు పరుపు మీదుగా జారి కింది వైపు దిగే చోట అడుగును తవ్వుతాయి. మొదటి ఏడు అరచెయ్యంత గుంత, రెండో ఏడు మోకాలంత. ఆ గుంతలోకి అంచు రాయి ఒకటి జారుతుంది, దాని వెనక రాయికి ఆసరా పోతుంది, అలా ఒక్కొక్కటే కదిలి పరుపు మొత్తం కిందికి నడుస్తుంది. దీన్ని ఆపడానికి కింది అంచు పొడవునా 2 అడుగుల వెడల్పు, పరుపు అడుగు నుంచి ఇంకో రెండున్నర అడుగుల లోతు కందకం తీసి పెద్ద గుండ్లు బిగించాలి. ఒక్కో గుండు ఇద్దరు మనుషులు దొర్లిస్తేనే కదిలేంత ఉండాలి. గుండ్లు దొరకకపోతే రాతి కడీలు రెండు వరుసలుగా నిలువునా పాతి మధ్యలో రాళ్లు కొట్టండి. వీటి తలలు కూడా మేకుల మట్టం దాటకూడదు. కందకాన్ని రెండు చివర్లా ఒడ్డులోకి కనీసం 3 అడుగులు పొడిగించండి. లేకపోతే నీళ్లు పక్క నుంచి దూరతాయి. ఈ పొడిగింపు రాయి పైన చెప్పిన 870లో లేదు, వేరుగా కలుపుకోండి. అడుగులోపే గట్టి బండ తగిలితే మీ అదృష్టం, ఆ బండ దాకా తీస్తే చాలు.

6. గుడ్డ, అవసరమైతేనే. ముక్కలు అతికే చోట ఒకటిన్నర అడుగు ఒకదాని మీద ఒకటి రావాలి. ఇంటి పెంకులు కప్పినట్టు పైవైపు ముక్క కిందివైపు ముక్క మీదికి రావాలి. గుడ్డ బదులు యూరియా సంచులు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అవి ఒక్క ఏడాదికే చిరిగి ఒర్రె నిండా పోగులవుతాయి, పశువులు మింగుతాయి. టార్పాలిన్ ఇంకా చెడ్డది: నీళ్లు దిగనివ్వదు, దాని మీద రాళ్లు జారతాయి. గుడ్డ దొరకకపోతే 4 అంగుళాల మందం గట్టి మొరం, చిన్న కంకర కలిపి పరిచి, తడిపి తొక్కించండి. ఆ మేరకు ముందే ఎక్కువ తవ్వుకోవాలి.

7. రాళ్లు పేర్చండి. ట్రాలీ ఎత్తి కుప్ప పోసి జేసీబీ బకెట్‌తో చదును చేస్తే అది పరుపు కాదు. మేస్త్రితో చేత్తో పెట్టించాలి. పలకలు తిరిగిన క్వారీ రాయి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, గుండ్రటి రాయి దొర్లుతుంది. పొడవు రాయిని పడుకోబెట్టకుండా నిలువునా దించి, పక్క రాయికి ఆనించి, సందులో చిన్న రాతి ముక్క సుత్తితో కొట్టాలి. కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. అప్పుడు ప్రతి వరుసా ముందు వరుసకు ఆనుకుంటుంది. మేస్త్రి ఒక వరుస ముగించాక మీరు దాని మీద నిలబడి ఊగండి. ఏ రాయి కదిలినా తీసి మళ్లీ పెట్టమనండి. తర్వాత సందుల్లో 40 ఎంఎం కంకర చల్లి, గడ్డపార మొనతో లోపలికి దిగ్గొట్టాలి.

8. దిగుళ్లు. రెండు ఒడ్ల మీద కూడా ముప్పావు అడుగు మందం ఇదే పని. మీరు చెట్టుకు పెట్టిన వరద గీత దాటి ఇంకో రెండడుగులు పైదాకా రాయి పోవాలి. చాలామంది ఒర్రె అడుగు బాగా చేసి, ఒడ్డు సగంలో ఆపేస్తారు. బురద అక్కడే మొదలవుతుంది. దిగుడు పైభాగంలో అడ్డంగా చిన్న గట్టు, పక్కకు కాలువ తీస్తే చేను నీళ్లు మీ తొవ్వ వెంట ఉరకవు.

9. పై పూత. డస్ట్ కలిసిన మొరం రెండంగుళాలు (ఒర్రె అడుగులో మేకుల మట్టం దాటకుండా) పోసి, నీళ్లు చల్లి, లోడు ట్రాక్టర్‌తో తొక్కించండి. ఒర్రె అడుగులో ఇది మొదటి వరదకు కొంత పోతుంది, పోనివ్వండి. సందుల్లోది నిలుస్తుంది. ఒడ్ల మీదది మాత్రం నిలవాలి. పశువుల గిట్టలకు ఇదే మెత్తన. పదును రాయి మీద రోజూ నడిస్తే గొర్ల గిట్టలు చిట్లి, వానకాలం కుంటు మొదలవుతుంది.

10. కొలత రాయి పాతండి. తొవ్వకు పైవైపు పక్కన ఒక కడీ పాతి, పరుపు మట్టం నుంచి అర అడుగు దగ్గర పసుపు, అడుగు దగ్గర ఎరుపు గీత పెట్టండి. ఎరుపు మునిగితే మనిషి, బండి, పశువు ఏదీ దిగొద్దు. పసుపు మునిగి నీళ్లు ఉరుకుతుంటే గొర్లను, పిల్లలను దింపొద్దు. ఒర్రె బురద రంగులో ఉంటే కింద రాయి ఉందో కొట్టుకుపోయిందో కంటికి తెలియదు. ఇంట్లో జీతగాళ్లు, పిల్లలు, చుట్టాలు అందరికీ ఈ రెండు గీతల సంగతి చెప్పండి.

సరిగ్గా వచ్చిందా, ఇలా చూడండి

రెండు మేకుల మధ్య దారం లాగి కట్టండి. పరుపు దారాన్ని ఎక్కడా పైకి ఎత్తకూడదు. రెండంగుళాలు పైకి లేచినా పైవైపు ఇసుక మేట, కింది వైపు గుంత ఖాయం. దారం కింద రెండంగుళాల కంటే సందు ఉంటే అక్కడ నీళ్లు నిలిచి బురద చేరుతుంది.

లోడు ట్రాలీని పదిసార్లు అటూ ఇటూ నడపండి. టైరు గాడి అంగుళం కంటే లోతు పడిన చోట కింద మెత్తన ఉందన్నమాట. అప్పుడే తవ్వి మళ్లీ పేర్చండి.

చెప్పులు విప్పి దిగుడు మీద నడిచి చూడండి. మీ పాదానికి గుచ్చుకుంటే పశువుకూ గుచ్చుకుంటుంది.

కొత్త రాయి మీద గొర్లు మొదట అడుగు పెట్టవు. మా మంద తెల్లటి డస్ట్ చూసి ఒడ్డు మీద గడ్డకట్టినట్టు నిలబడింది. పాత తొవ్వ మట్టి, కాస్త పేడ తెచ్చి పల్చగా చల్లి, అలవాటున్న పొట్టేలును తాడుతో ముందు నడిపించాం. అది రెండుసార్లు వాసన చూసి, ముందరి కాలుతో గీరి, నడిచింది. మిగతావి దాని వెనకే వచ్చాయి. కర్రతో అదిలించి దింపితే అవి ఆ చోటుకే బెదురుతాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే పెద్దది పరుపును ఎత్తుగా వేయడం. “కొంచెం ఎత్తుంటే కాళ్లు తడవవు కదా” అంటారు. ఎత్తైన క్షణం నుంచి అది చిన్న ఆనకట్ట అయిపోతుంది, నీళ్లు దాని మీద పగ పట్టినట్టు పని చేస్తాయి. తడిసిన కాళ్లు ఆరిపోతాయి.

నాప బండలు, షాబాదు బండలు చవకగా దొరుకుతాయని పరిచేవాళ్లు ఉన్నారు. నాచు పట్టాక వాటి మీద ఎద్దు కాలు నిలవదు. తొంటి విరిగిన పశువును లేపడం ఎవరి వల్లా కాదు.

తొవ్వకు రెండు వైపులా ఒర్రెకు అడ్డంగా ముళ్ల తీగ బిగించడం మరో తప్పు. చెత్త పట్టి కంచె మొత్తం లాక్కుపోతుంది. ఒర్రె మీద ఒక తాడు కట్టి దానికి పాత గొలుసులో, ప్లాస్టిక్ పైపు ముక్కలో కిందికి వేలాడదీయండి. పశువు దూరదు, వరద వస్తే అవి ఊగి చెత్తను వదిలేస్తాయి. మంద తాగడానికి తొట్టి ఒడ్డు మీద, ఒర్రెకు దూరంగా పెడితే నీళ్లలో నిలబడే అలవాటు తగ్గుతుంది.

రాయి నిలవని చోట

కొబ్బరి చిప్ప మరీ వేగంగా పోయిన ఒర్రెల్లో, కింద గట్టి నేల ఉంటే, కాంక్రీటు పరుపు వేసుకోవచ్చు. సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. 6 అంగుళాల మందం. 8 ఎంఎం కడ్డీ 8 అంగుళాలకు ఒకటి రెండు వైపులా. పైవైపు, కిందివైపు రెండు అంచులకూ కాంక్రీటు గోడ లోతుకు దింపాలి. పచ్చిగా ఉన్నప్పుడే ఒర్రెకు అడ్డంగా కాకుండా నీళ్లు పారే దిశలో అంగుళం లోతు గాళ్లు గీయాలి, దాటే గిట్టకు అవి పట్టు ఇస్తాయి. ఏప్రిల్ ఎండకు తడి గోనె సంచులు కప్పి 14 రోజులు నీళ్లు పెట్టండి. ట్రాక్టర్ 28 రోజుల తర్వాతే. ఖర్చు రాయికంటే బాగా ఎక్కువ. నల్లరేగడిలో నేల ఉబ్బి, కుంగి కాంక్రీటు పగులుతుంది, అక్కడ రాయే నయం.

మొదటి వరద తర్వాత

నీళ్లు తగ్గిన మరునాడే గడ్డపార పట్టుకుని వెళ్లండి. మొదట కింది అంచు. గుండ్ల ముందు గుంత పడితే, ఎంత చిన్నదైనా, అప్పుడే పెద్ద రాళ్లు నింపండి. తర్వాత కందకం రెండు చివర్లు, ఒడ్డులో దూరిన చోట పగులు ఉందా. తర్వాత పరుపు మీద నడిచి, కదిలే రాళ్లకు ముక్కలు కొట్టండి. పైవైపు అడ్డం పడిన పత్తి కట్టె, కొమ్మలు తీసి ఒడ్డు మీద దూరంగా వేయండి. దీనికోసం అర ట్రాలీ రాయి, రెండు తట్టల కంకర ముందే ఒడ్డున కుప్ప పోసి ఉంచుకోండి. వానకాలంలో ట్రిప్పు దొరకడం కష్టం. మొదటి ఏడు మూడు నాలుగుసార్లు ఇలా వెళ్లాల్సి వస్తుంది. రెండో ఏడు నుంచి మృగశిరకు ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి చూస్తే సరిపోతుంది.